బడి వయసులోనే గుండెకు కాపలా

శ్రోతలందరికీ నమస్కారం.

గుండెపోటు యాభైల్లో వచ్చినా, దాని వెనక ఉన్న జబ్బు చాలామందిలో బడికి వెళ్లే రోజుల్లోనే మొదలవుతుంది. 1953లో అమెరికా డాక్టర్లు కొరియా యుద్ధంలో చనిపోయిన 300 మంది సైనికుల గుండెలను పరీక్షించారు. వాళ్ల సగటు వయసు 22. చూడ్డానికి ఏ జబ్బూ లేని కుర్రాళ్లు. అయినా నూటికి 77 మందిలో గుండె రక్తనాళాలు ఎంతో కొంత పాడైనట్టు కనిపించింది. ఆ తర్వాత 1970లలో అమెరికాలోనే బోగలూసా అనే ఊళ్లో పిల్లలను ఏళ్ల తరబడి గమనించారు. రక్తనాళాల గోడల్లో కొవ్వు చారలు చిన్నతనంలోనే ఏర్పడతాయనీ, బరువు, బీపీ, కొలెస్ట్రాల్, పొగ అలవాటు, వీటిలో ఎన్ని తోడైతే ఆ చారలు అంతగా పెరుగుతాయనీ తేలింది. మన దేశంలో గుండెపోటు పాశ్చాత్య దేశాలకంటే దాదాపు పదేళ్లు ముందే వస్తోంది. కాబట్టి జాగ్రత్త కూడా మనం ముందే పడాలి.

నేను చెన్నైలో, పెరంబూరు వైపు పిల్లల డాక్టరుగా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఒకసారి పద్నాలుగేళ్ల అబ్బాయిని దగ్గు అని తీసుకొచ్చారు. పిల్లాడు కాస్త బొద్దుగా ఉన్నాడు. బీపీ పట్టీ చుడుతుంటే వాళ్లమ్మ, "చిన్నపిల్లాడికి బీపీ ఏమిటండీ డాక్టరుగారూ!" అంది. 138/88 ఉంది. పట్టీ ఇరుకైతే బీపీ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది కాబట్టి, వాడి చేతికి సరిపడే పట్టీతో మరో రెండు వేర్వేరు రోజుల్లో మళ్లీ చూశాను. తగ్గలేదు. పదమూడేళ్లు దాటిన పిల్లలకు 120/80కి లోపల ఉండాలి. 130/80 గానీ అంతకంటే ఎక్కువ గానీ మూడుసార్లు వస్తే అది బీపీయే. అంతకంటే చిన్నవాళ్లకు వయసు, ఎత్తును బట్టి లెక్క వేరు. మూడేళ్లు నిండినప్పటి నుంచి ఏడాదికొకసారి బీపీ చూపించండి. డాక్టరు చూడకపోతే మీరే అడగండి, మొహమాటపడకండి.

మూత్రపిండాల పరీక్షలు చేయించి, అవి బాగానే ఉన్నాయని తెలిశాక, ఆ అబ్బాయిని బడి వదిలింది మొదలు పడుకునేదాకా ఏం చేస్తావో చెప్పమన్నాను. నాలుగింటికి బడి వదులుతారు, ఐదింటికి ట్యూషన్. మధ్యలో వీధి మొదట్లో బజ్జీలు, ఒక కూల్‌డ్రింకు. ఎనిమిదిన్నరకు ట్యూషన్ అయ్యాక దారిలో పరోటా. ఇంట్లో ఫోను చూస్తూ చిప్స్ ప్యాకెట్టు. ఆ ఇంటి వంటలో తప్పేమీ లేదు, పప్పూ కూరా రోజూ వండుతారు. కాకపోతే వాడు ఆకలితో ఇంట్లో కూర్చునే పూటే లేదు! 250 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో సుమారు 26 గ్రాముల చక్కెర ఉంటుంది. విడిగా వేసుకునే చక్కెర రోజు మొత్తానికి 25 గ్రాములు దాటకూడదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పింది. అంటే ఒక్క సీసాతోనే ఆ రోజు వాటా అయిపోయింది.

మందు రాయలేదు. బడి సంచిలో రెండో డబ్బా పెట్టమన్నాను. మెరీనాలో అమ్మే సుండల్ లాగే మామిడికాయ, కొబ్బరి ముక్కలు వేసి ఉప్పు తగ్గించి చేసిన బఠాణీలో, ఉడికించిన వేరుశెనగకాయలో, ఒక అరటిపండో. కూల్‌డ్రింకు బదులు మజ్జిగ. ఊరగాయ, అప్పడం రోజూ రెండూ కాకుండా ఏదో ఒకటి, అదీ కొంచెం. ఇవి వాళ్లమ్మ సులువుగానే ఒప్పుకుంది. వారానికి మూడు సాయంత్రాలు ట్యూషన్ మానిపించి ఆటకు పంపండి అన్నప్పుడే వాళ్ల నాన్నగారు, "వచ్చే ఏడు టెన్త్ అండీ" అన్నారు.

ఇక్కడే నేను తల్లిదండ్రులతో గట్టిగా వాదిస్తాను. ఐదు నుంచి పదిహేడేళ్ల వరకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసే ఆట కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2016 నాటి లెక్కల ప్రకారం ప్రపంచంలో 11 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో నూటికి 81 మందికి ఆ మాత్రం ఆట లేదు. ఆడపిల్లల పరిస్థితి మరీ అన్యాయం. పెద్దమనిషి అయిందంటే చాలు, సైకిలు మేడ మీదికి వెళ్తుంది, స్కిప్పింగ్ తాడు అటక ఎక్కుతుంది. గుండెకు ఆడా మగా తేడా లేదు. ఆ అమ్మాయికీ యాభై ఏళ్లు వస్తాయి. చెన్నై ఎండకు మధ్యాహ్నం ఆడమని ఎవరూ అనరు. ఉదయం ఆరింటికో, సాయంత్రం ఐదు దాటాకో కార్పొరేషన్ మైదానానికి పంపండి. ఆ అబ్బాయి బ్యాడ్మింటన్‌లో చేరాడు. కొన్ని నెలలకు బీపీ 120 దగ్గరికి దిగింది. టెన్త్ కూడా బాగానే పాసయ్యాడు.

ఆటలో ఒక్క జాగ్రత్త చెప్పాలి. పరిగెడుతూ ఉన్నట్టుండి స్పృహ తప్పినా, ఆడేటప్పుడు ఛాతీ నొప్పి వచ్చినా, ఎండదెబ్బ అని సరిపెట్టకండి. ఈసీజీ, ఎకో అనే గుండె పరీక్షలు చేయించేదాకా ఆటకు పంపకండి.

సన్నగా ఉన్న పిల్లలకు భయం లేదనుకోవద్దు. ఇంట్లో మగవాళ్లకు 55 లోపు, ఆడవాళ్లకు 65 లోపు గుండెపోటు వచ్చి ఉంటే పిల్లలకూ కొలెస్ట్రాల్ పరీక్ష చేయించండి. సుమారు 250 మందిలో ఒకరికి పుట్టుకతోనే చెడు కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉంటుంది. అది తిండి వల్ల వచ్చింది కాదు, తిండితో మాత్రమే తగ్గదు. దానికి మంచి మందులున్నాయి.

పొగాకు సంగతి. బడికి వంద గజాల లోపు అమ్మకూడదని 2003 చట్టం. ఈ-సిగరెట్లను 2019లో పూర్తిగా నిషేధించారు. బడి పక్కన అమ్ముతుంటే ప్రధానోపాధ్యాయులకు చెప్పండి, పోలీసులకు ఫిర్యాదు చేయండి. బాల్కనీలో సిగరెట్ కాల్చే నాన్నలూ, ఆ పొగ పిల్లల గదిలోకీ వస్తుంది.

చివరగా గొంతు నొప్పి. కొవ్వుతో సంబంధం లేకుండా పిల్లల గుండె కవాటాలను పాడుచేసే జబ్బు ఒకటుంది, రుమాటిక్ జ్వరం. ఎక్కువగా ఐదు నుంచి పదిహేనేళ్ల మధ్య వస్తుంది. గొంతులో స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా చేరిన రెండు మూడు వారాలకు మోకాలు వాచి, అది తగ్గేసరికి చీలమండ, తర్వాత మోచెయ్యి, ఇలా నొప్పి కీలు మార్చుకుంటూ పోతుంది. ఇంట్లో వాతం అనుకుని నూనె రాస్తారు. నొప్పి దానంతటదే పోతుంది, ఈలోపు గుండె దెబ్బతినవచ్చు. గొంతు నొప్పులన్నీ ఇలాంటివి కావు. జలుబు, దగ్గుతో వచ్చేవి చాలావరకు వైరస్‌వి, వాటికి యాంటీబయాటిక్ అక్కర్లేదు. జలుబు లేకుండా జ్వరం, మింగలేనంత నొప్పి, మెడ కింద బిళ్లలు కట్టడం ఉంటే మాత్రం డాక్టరుకు చూపించండి. తొమ్మిది రోజుల లోపు పెన్సిలిన్ మొదలుపెడితే రుమాటిక్ జ్వరాన్ని ఆపవచ్చు. పది రోజుల మాత్రలు రాస్తే పది రోజులూ వేయాలి, మూడో రోజుకు జ్వరం తగ్గిందని ఆపకూడదు.

ఒకసారి ఆ జ్వరం వచ్చిన పిల్లలకు 21 రోజులకొకసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ పడాలి. కనీసం ఐదేళ్లు, గుండె దెబ్బతిని ఉంటే ఇంకా ఎక్కువ కాలం. మన తెలుగు ఇళ్లలో ఇది తప్పేది వేసవి సెలవుల్లో. పిల్లల్ని నెల్లూరులోనో చిత్తూరులోనో నాయనమ్మ దగ్గర దించి వస్తారు, ఇంజెక్షన్ చీటీ చెన్నైలో బీరువాలో ఉండిపోతుంది. ఆ చీటీ పిల్లల సంచిలో పెట్టండి. ఇంజెక్షన్ పడాల్సిన తేదీ నాయనమ్మ గారి క్యాలెండర్లో రాయండి. అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో ఇంజెక్షన్ దొరుకుతుందో లేదో బయలుదేరేముందే ఫోన్ చేసి కనుక్కోండి. దొరకదంటే ప్రయాణాన్ని ఇంజెక్షన్ వేయించిన మర్నాటికి మార్చుకుని, 21 రోజులు తిరిగే లోపు పిల్లల్ని వెనక్కి తీసుకురండి.

నమస్కారం.