కుక్క గిన్నెలో ఏముండాలి?

శ్రోతలకు నమస్కారం.

కోనసీమలో గానీ, ఇటు భీమవరం, పాలకొల్లు, నరసాపురం వైపు గానీ ఒకప్పుడు ఇంటి కుక్క అంటే నాటు కుక్కే. మిగిలిన అన్నంలో చేపల పులుసు అడుగు కలిపి అరుగు పక్కన సత్తు గిన్నెలో పెట్టేవారు. ఆదివారం నాలుగు బొమికలు పడేవి. అది చాలకపోతే ఊరంతా తిరిగి కావలసింది వెతుక్కునేది. ఇప్పుడు లాబ్రడార్లు, జర్మన్ షెపర్డులు, పొమేరియన్లు, రాట్‌వీలర్లు ఊరూరా ఉన్నాయి. ఇవి గేటు దాటవు. మనం పెట్టిందే తింటాయి, పెట్టనిది వీటికి దొరకదు. అందుకే గిన్నెలో ఏం వేస్తున్నామన్నది ఇదివరకటి కంటే చాలా పెద్ద విషయమైంది.

పశువైద్యుడిగా నేను తరచుగా వినే ప్రశ్న ఇలా ఉంటుంది. "డాక్టరు గారండీ, ఫోన్‌లో వీడియోలు చూశామండి. పచ్చి మాంసం పెడితేనే బలమంటన్నారు, ప్యాకెట్ ఫుడ్ పెట్టొద్దంటన్నారు. మా అత్తగారేమో పెరుగన్నం చాలంటారు. ఏది పెట్టమంటారండి?"

నా సమాధానం ముందే చెప్పేస్తాను. మన డెల్టాలో కుక్కకు పచ్చి మాంసం పెట్టొద్దు. ఇంట్లో వండిన తిండి మంచిదే, అయితే దాని కోసం విడిగా, లెక్క ప్రకారం వండాలి. అంత తీరిక లేనివారికి, ముఖ్యంగా ఎదిగే కుక్కపిల్లల్ని పెంచేవారికి, మంచి ప్యాకెట్ ఫుడ్డే నయం. ఎందుకంటున్నానో వివరంగా చెబుతాను.

పచ్చి మాంసం వైపు మాట్లాడేవారు ముందుగా చెప్పేది, కుక్క తోడేలు సంతతి కదా, తోడేలు వండుకుని తింటుందా అని. 1990ల్లో ఆస్ట్రేలియా పశువైద్యుడు ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ పచ్చి మాంసం, పచ్చి ఎముకల తిండిని బాగా ప్రచారం చేశాక ఈ వాదన ప్రపంచమంతా పాకింది. సంతతి మాట నిజమే. కానీ వేల ఏళ్లు మనుషుల మధ్య బతికాక కుక్క జీర్ణశక్తి మారిపోయింది. స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2013లో దీన్ని జన్యువుల్లోనే చూపించారు. గంజి పదార్థాన్ని అరిగించే అమైలేజ్‌ను తయారుచేసే జన్యువు తోడేలులో 2 ప్రతులే ఉంటే, కుక్కల్లో 4 నుంచి 30 దాకా ఉన్నాయి. కాబట్టి మెత్తగా ఉడికిన అన్నం కుక్కకు అరగదని భయపడక్కర్లేదు. పచ్చి మాంసంతో వెంట్రుకలు నిగనిగలాడతాయని, మలం తక్కువగా వస్తుందని చెబుతారు. చాలా కుక్కల్లో అది నిజమే. కొవ్వు, మాంసకృత్తులు బాగా అందడం వల్ల వచ్చే మార్పు అది. అదే మాంసం ఉడికించి పెట్టినా వస్తుంది.

ఇక మనకు ఆ పచ్చి మాంసం ఎక్కడ దొరుకుతుందో చూడండి. చికెన్ కొట్టు దగ్గర తలకాయలు, కాళ్లు, స్కిన్, పేగులు ఒక కవర్లో వేసి ఇస్తారు. ఆ కవరు ఎండలో బండి హ్యాండిల్‌కి వేలాడుతూ ఇంటికొస్తుంది. ఉక్కపోత రోజుల్లో ఆ కాసేపు చాలు, సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవులు పెరగడానికి. ఫ్రిజ్‌లో గడ్డకట్టిస్తే చచ్చిపోతాయనుకుంటారు. చావవు, పెరగడం ఆగుతుందంతే. ఇందులో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది కుక్క ఆరోగ్యం కూడా కాదు. చాలాసార్లు కుక్కకు ఏమీ కాదు, హుషారుగానే ఉంటుంది. కానీ దాని మలంలో ఆ క్రిములు బయటికి వస్తూనే ఉంటాయి. అదే మూతితో మీ పసివాడి మొహం నాకుతుంది. ఇంట్లో నడవలేని ముసలమ్మ ఉంటుంది, కడుపుతో ఉన్న కోడలు ఉంటుంది. ప్రమాదం వాళ్లకు.

2025 ఫిబ్రవరి మనకు బాగా గుర్తుండాలి. తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరు వైపు కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది. ఆ రోజుల్లో మనుషులు చికెన్ మానేశారు గానీ, కుక్కకు పచ్చి కోడి పెట్టేవారిలో ఎంతమంది మానేశారు? 2004లో థాయిలాండ్‌లో ఆ జబ్బుతో చచ్చిన బాతును తిని ఒక కుక్క అదే వైరస్‌తో చనిపోయింది. ఈమధ్య అమెరికాలో పచ్చి తిండి తిన్న పిల్లులు కూడా అలాగే పోయాయి. బాగా ఉడికిన మాంసంలో ఆ వైరస్ బతకదు. ఇంత సులువైన రక్షణ చేతిలో ఉండగా వదులుకోవడం నాకు అర్థం కాదు.

మేక, గొర్రె పేగులు, కార్జం విషయం మరీ ముఖ్యం. కోసినప్పుడు కార్జం మీదో ఊపిరితిత్తుల మీదో నీళ్లు నిండిన తిత్తులు కనిపిస్తే, మనుషులకు పనికిరాదని కుక్కకు విసిరేస్తారు. ఆ తిత్తుల్లో ఒక రకం బద్దెపురుగు పిల్లలు ఉంటాయి. అవి కుక్క పేగుల్లో పెరిగి, గుడ్లు మలంతో బయటికొస్తాయి. ఆ గుడ్లు చేతుల ద్వారానో ఆకుకూరల ద్వారానో మన కడుపులోకి వెళితే మన కాలేయంలో అవే తిత్తులు తయారవుతాయి. కొన్నాళ్లకు ఆపరేషన్ దాకా వెళ్లొచ్చు. దయచేసి తిత్తులున్న కార్జాన్ని కుక్కకు వేయకండి. లోతుగా పాతిపెట్టండి, లేదా కాల్చేయండి. కుక్కకు నులిపురుగుల మందు వేయించేటప్పుడు బద్దెపురుగులకు పనిచేసేది కూడా అడిగి వేయించండి.

చేపల సంగతి ఒక్క మాట. మన చెరువుల్లో పెంచే శీలావతి, బొచ్చె కార్ప్ జాతివి. ఆ జాతి చేపలు కొన్నిటిలో, పచ్చిగా ఉన్నప్పుడు, బి1 విటమిన్‌ను నాశనం చేసే ఎంజైమ్ ఉంటుంది. ఉడికిస్తే పోతుంది. ఉడికించి, ముళ్లు తీసి పెడితే చేప కుక్కకు చాలా మంచి ఆహారం.

ఇక ఇంటి తిండి. మన వైపు జరుగుతున్న పొరపాట్లలో ఎక్కువ భాగం ఇక్కడే ఉన్నాయి, అందుకని కాస్త నెమ్మదిగా చెబుతాను.

నాలుగు నెలల లాబ్రడార్ పిల్లను ఆసుపత్రికి తీసుకొస్తారు. ముందు కాళ్లు విల్లులా వంగి ఉంటాయి. నిలబడితే వణుకుతుంది, ముట్టుకుంటే ఏడుస్తుంది. ఏం పెడుతున్నారంటే, "ఏ లోటూ చెయ్యలేదండి, రోజూ అర కిలో చికెన్ ఉడకబెట్టి పెడతన్నామండి" అంటారు. ఎంతో ప్రేమగా పెట్టిందే దానికి ఆ గతి పట్టించింది. మెత్తటి మాంసంలో ఫాస్ఫరస్ చాలా, కాల్షియం దాదాపు ఏమీ లేదు. వంద గ్రాముల కోడి మాంసంలో కాల్షియం 11 మిల్లీగ్రాములుంటే, ఫాస్ఫరస్ 200 దాకా ఉంటుంది. కుక్కకు కావలసింది ఈ రెండూ దాదాపు సమానంగా, కాల్షియం కాస్త ఎక్కువగా. తిండిలో కాల్షియం లేనప్పుడు ఒళ్లు దాన్ని సొంత ఎముకల్లోంచే లాక్కుంటుంది. ఎముకలు మెత్తబడి, గట్టు మీంచి దూకినా విరుగుతాయి.

ఉత్త అన్నంతోనూ అంతే. నీటిని లెక్కలోంచి తీసేస్తే అన్నంలో మాంసకృత్తులు 7, 8 శాతం. పెద్ద కుక్క తిండిలో కనీసం 18, పిల్లలకు 22 శాతానికి పైగా ఉండాలని అమెరికా ప్రమాణాలు చెబుతాయి. పెరుగు కలిపితే కొంత పెరుగుతుంది గానీ ఆ దూరాన్ని పూడ్చదు. మాంసం తినని ఇళ్లవారు నొచ్చుకోనక్కర్లేదు. గుడ్డుకు అభ్యంతరం లేకపోతే ఉడికించిన గుడ్డుతో చాలా లోటు తీరుతుంది. అదీ వద్దనుకుంటే డాక్టరు సలహాతో శాకాహార ప్యాకెట్ ఫుడ్ ఎంచుకోవడం మేలు.

2013లోనే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పశువైద్యులు పుస్తకాల్లో, ఇంటర్నెట్‌లో దొరికే 200 ఇంటి వంటకాలను లెక్కగట్టారు. వాటిలో 95 శాతం వంటకాల్లో కనీసం ఒక ముఖ్య పోషకం తక్కువైంది. ఎక్కువ వాటిలో ఒకటి కంటే ఎక్కువే తగ్గాయి. వాటిని రాసినవారిలో పశువైద్యులు కూడా ఉన్నారు. అంటే మంచి మనసు ఒక్కటే చాలదు, తూకం కావాలి.

పది కిలోల, ఎదిగిన కుక్కకు రోజుకు సుమారు 600 కేలరీలు పడతాయి. దానికి రెండు వందల గ్రాముల అన్నం, ఉడికించి ఎముక తీసిన కోడి మాంసం నూట ముప్ఫై గ్రాములు, గుప్పెడు సొరకాయో గుమ్మడో క్యారెట్టో, రెండు టీస్పూన్ల నూనె. దీన్ని రెండు పూటలుగా పెట్టాలి. వారానికోసారి మాంసం బదులు కొంచెం కార్జం. కాల్షియం కోసం కోడిగుడ్డు పెంకుల్ని కడిగి, ఉడికించి, ఎండబెట్టి మెత్తటి పొడి చేసి రోజుకు సుమారు అర టీస్పూను కలపాలి. ఇంతటితో అయిపోలేదు. జింక్, రాగి, అయోడిన్, డి, ఇ విటమిన్లు ఇందులో సరిపడా రావు. కుక్కల కోసం తయారైన విటమిన్, మినరల్ పొడి డాక్టరు రాసిచ్చిన మోతాదులో తప్పకుండా చేర్చాలి. పిల్లలకు, చూలు కుక్కలకు, కిడ్నీ జబ్బున్నవాటికి ఈ కొలతలు పనికిరావు.

మన కూర దానికి ఎందుకు పెట్టకూడదంటే, ఉల్లిపాయ లేని కూర మన వైపు అరుదు. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. ఉడికించినా ఆ గుణం పోదు. పది కిలోల కుక్కకు ఒకేసారి నూట యాభై గ్రాముల ఉల్లి పడితే ప్రమాదమే. రోజూ కొంచెం కొంచెంగా పడినా రక్తం తగ్గిపోతుంది. చిగుళ్లు పాలిపోయి, మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే ఆలస్యం చేయకండి. పాయసంలో కిస్మిస్, పిల్లల చాక్లెట్ కూడా విషమే.

కనుమ మర్నాడు మా దగ్గరికి వచ్చే కుక్కల్ని చూస్తే బాధేస్తుంది. పండగ కోడి, మాంసం, ఆ కొవ్వు అంతా వాటికే పడుతుంది. వాంతులు, పొట్ట నొప్పి, క్లోమానికి వాపు. వండిన కోడి బొమిక పుల్లలా చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. వేసవిలో మామిడి టెంక మింగి పేగు మూసుకుపోయినవీ వస్తాయి. పచ్చి బొమిక చీలదు కదా అంటారు గానీ, పెద్ద బొమికల మీద దవడ పళ్లు విరగడం మామూలే.

ప్యాకెట్ ఫుడ్ సంగతి. జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికన్ 1860ల్లో లండన్‌లో కుక్క బిస్కెట్లు అమ్మడంతో ఈ వ్యాపారం మొదలైంది. ఇప్పుడు మనం చూసే ఉండల్లాంటి తిండి 1957లో ప్యూరినా కంపెనీ తెచ్చింది. ధాన్యం, మాంసం పొడి, విటమిన్లు కలిపి, వేడితో, ఒత్తిడితో యంత్రంలోంచి తోసి, పైన కొవ్వు పూస్తారు. మంచి కంపెనీల సరుకులో కాల్షియం, ఫాస్ఫరస్ లెక్క సరిగా ఉంటుంది. నేను కుక్కపిల్లలకు ఇదే సూచించడానికి కారణం అదొక్కటే. పెద్ద జాతి పిల్లలకు పెద్ద జాతి పిల్లల ప్యాకెట్టే కొనండి. దాని మీద కాల్షియం టానిక్ మాత్రం పోయకండి. ఆ వయసులో ఒళ్లు ఎక్కువైన కాల్షియాన్ని వదిలించుకోలేదు, ఎముకలు మళ్లీ వంకర పోతాయి. షాపువాళ్లు ఊరికే ఇచ్చినా వద్దనండి.

ఈ తిండిలోనూ తప్పులు జరిగాయి. 2007లో చైనా నుంచి వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో మెలమైన్ అనే రసాయనం కలిసి అమెరికాలో ఎన్నో కుక్కలు, పిల్లులు కిడ్నీలు పాడై చనిపోయాయి. 2020 చివర్లో అక్కడే బూజు విషం, అఫ్లటాక్సిన్, ఉన్న తిండి తిని పదుల కొద్దీ కుక్కలు పోయాయి. ధాన్యం లేని తిండి గొప్పదన్న ప్రచారం నమ్మి కొన్నవారి కుక్కల్లో గుండె కండరం బలహీనపడుతోందని అమెరికా ప్రభుత్వ సంస్థ 2018లో హెచ్చరించింది. దాని కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. ధాన్యం తీసేసిన తిండికి ఎక్కువ డబ్బు పెట్టాల్సిన అవసరం చాలా కుక్కలకు లేదు.

బూజు మాట మనకు బాగా వర్తిస్తుంది. వానాకాలం మన ఇళ్లలో ఉప్పే నీరు కారిపోతుంది, మూత తీసిన డాగ్ ఫుడ్ మాత్రం ఎలా ఉంటుంది? విడిగా కిలోల లెక్కన అమ్మేది కొనకండి. అది ఎప్పుడు తెరిచిన బస్తానో మీకు తెలియదు. చిన్న ప్యాకెట్ కొని, ఆ కవర్‌తోనే గట్టి మూత డబ్బాలో పెట్టి నెల, నెలన్నరలో అయిపోగొట్టండి. చీకిన నూనె వాసన వచ్చినా, ఎప్పుడూ తినే కుక్క మూతి తిప్పుకున్నా పారేయండి. రాత్రంతా గిన్నెలో వదిలేస్తే ఎలకలు వస్తాయి, ఎలక మూత్రంతో లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది. దానికి టీకా ఉంది, వేయించండి. ప్యాకెట్ తిండిలో తేమ పది శాతమే కాబట్టి పక్కన మంచి నీళ్లు ఎప్పుడూ ఉండాలి.

ఇంటి తిండి, ప్యాకెట్ ఫుడ్ రెండూ కలిపి పెట్టొచ్చా అని అడుగుతారు. పెట్టొచ్చు. పెద్ద కుక్కకు కొలత ప్రకారం ప్యాకెట్ ఫుడ్ తగ్గించి, ఆ మేరకు ఉల్లి, ఉప్పు, కారం లేని అన్నం, ఉడికిన చేపో గుడ్డో కలపండి. మార్చేటప్పుడు ఒక్కరోజులో మార్చకుండా వారం రోజుల్లో కొద్దికొద్దిగా మార్చండి. పక్కటెముకలు చేతికి తగలాలి, కంటికి కనబడకూడదు. ఆ కొలత చూసుకుంటూ పెట్టండి.

వీధి కుక్కలకు పెట్టే మంచివాళ్లు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. చికెన్ కొట్టు నుంచి తెచ్చినదాన్ని బాగా ఉడికించి, ఎముకలు తీసి, అన్నంలో కలిపి పెట్టండి. రోజూ ఒకే వేళకు, ఒకే చోట, బడికి, గుడికి కాస్త దూరంగా పెట్టండి. మీ చేతికి మచ్చికైన కుక్కను పట్టుకోవడం తేలిక. దగ్గర్లోని పశువుల ఆసుపత్రిలో అడిగి, తిండి పెట్టే ఆ వేళలోనే దానికి రేబిస్ టీకా వేయించండి.

నమస్కారం.