లూప్ వేయించుకుంటే ప్రమాదమా?

శ్రోతలకు నమస్కారం. బిడ్డకూ బిడ్డకూ మధ్య ఎడం కోసం గర్భసంచిలో అమర్చే చిన్న సాధనం, అంటే జనం లూప్ అని పిలిచే కాపర్-టీ వేయించుకోమని ఆశా కార్యకర్త చెప్పగానే, "అది లోపల తిరిగి గుండెకు చేరుతుంది, వద్దు" అనే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ భయాన్ని మూఢత్వమని కొట్టిపారేయడం న్యాయం కాదు. దాని వెనుక చరిత్ర ఉంది.

1965లో మన ప్రభుత్వం లిప్పెస్ లూప్ అనే ప్లాస్టిక్ సాధనాన్ని దేశమంతటా ప్రవేశపెట్టింది. ఎంతమందికి వేశారన్న లెక్క మీద ఉన్న శ్రద్ధ, వేశాక ఆ స్త్రీ ఎలా ఉందో చూడడంలో లేకపోయింది. రక్తస్రావంతో, నొప్పితో బాధపడినవారిని పట్టించుకునేవారు కరవయ్యారు. లూప్ పేరు చెబితేనే జనం బెదిరిపోయారు. అమెరికాలో 1971లో అమ్మకానికి వచ్చిన ఇలాంటిదే మరో సాధనం, డాల్కన్ షీల్డ్ కథ ఇంకా ఘోరం. సాధనం నుంచి గర్భసంచి బయటికి వేలాడే దాని దారం ఎన్నో సన్నని పోగుల కట్ట. ఆ పోగుల సందుల్లోంచి సూక్ష్మజీవులు గర్భసంచిలోకి పాకాయి. స్త్రీలు చనిపోయారు. 1974లో అమ్మకం ఆపారు.

ఇప్పటి కాపర్-టీకి ఉండేది ఒంటిపోగు దారం. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా వేసే 380ఏ రకం పదేళ్లు, 375 రకం ఐదేళ్లు పనిచేస్తాయి. గుండెకు చేరే దారే లేదు. వేసేటప్పుడు గర్భసంచికి రంధ్రం పడే ప్రమాదం మాత్రం ఉంది, అదీ వెయ్యిమందిలో ఒకరిద్దరికి. ఇన్‌ఫెక్షన్ భయం ముఖ్యంగా మొదటి మూడు వారాలది. అప్పటికే లోపల ఇన్‌ఫెక్షన్ ఉన్నవారికి, కారణం తెలియని రక్తస్రావం అవుతున్నవారికి వేయకూడదు. అందుకే ముందు పరీక్ష చేయించుకోవాలి, తొందర పెడితే ఒప్పుకోవద్దు.

అసలు ఇబ్బంది నెలసరిది. మొదటి మూడు నుంచి ఆరు నెలలు రక్తస్రావం, కడుపునొప్పి ఎక్కువ కావచ్చు. రక్తహీనత ఇంతగా ఉన్న మన స్త్రీలకు ఈ మాట ముందుగా చెప్పకపోవడం తప్పు. ముందే తెలిసిన మనిషి కంగారుపడదు, మందు అడుగుతుంది, రక్తం పరీక్ష చేయించుకుంటుంది.

జ్వరంతో పొత్తికడుపు నొప్పి వచ్చినా, దారం చేతికి తగలకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. నెల తప్పితే అసలు ఆలస్యం చేయవద్దు. కాపర్-టీ ఉండగా గర్భం రావడం చాలా అరుదు, కానీ వస్తే అది గర్భసంచి బయట పెరుగుతోందేమో చూడాలి.

ఇంకొక మాట. వద్దనుకున్న రోజున తీయించుకోవడం మీ హక్కు. కారణం చెప్పి ఒప్పించాల్సిన పని లేదు. తీసిన వెంటనే మళ్లీ గర్భం రావచ్చు కాబట్టి, అప్పుడే బిడ్డ వద్దనుకుంటే ఇంకో పద్ధతి ఆ రోజే అడిగి తీసుకోండి.