సౌతాంప్టన్‌లో రావద్దన్నారు, ఢిల్లీలో మాట్లాడొద్దన్నారు

అధ్యక్షుల వారికి, ప్రిన్సిపాల్ గారికి, వేదిక మీది పెద్దలకు నమస్కారం. పేరుపేరునా చెప్పడం మర్యాదే గానీ, నాకిచ్చిన టైములో సగం శాలువాలకే పోయింది.

విద్యాస్వేచ్ఛ గురించి మాట్లాడమన్నారు. నేను బహిష్కరణ దగ్గర మొదలుపెడతాను. పిల్లలూ, ఇంట్లో తాతగారి పాత పాస్‌పోర్టు ఉంటే తీసి చూడండి. దక్షిణాఫ్రికాకు చెల్లదని ఉంటుంది. అక్కడి తెల్లవాళ్ల వర్ణవివక్షకు నిరసనగా 1946లోనే ఆ దేశంతో వ్యాపారం మానుకున్నాం మనం. మన తెలుగు కూలీలు నేటాల్ చెరకు తోటలకు వెళ్లిన దేశమే అది. నల్లవాళ్లయినా, మనవాళ్లయినా తెల్లవాళ్ల యూనివర్సిటీలో చేరాలంటే మంత్రి అనుమతి కావాలని 1959లో చట్టం తెచ్చారు. డర్బన్‌లో భారతీయులకు వేరే కాలేజీ పెట్టారు. ఎక్కడనుకున్నారు? రేవులో, సాలిస్‌బరీ దీవిలో, నౌకాదళం వదిలేసిన బారకాసుల్లో! పడవెక్కి క్లాసుకు పోవాలి. 1965లో 496 మంది బ్రిటిష్ అధ్యాపకులు అక్కడి కొలువులకు వెళ్లబోమని సంతకాలు పెడితే, స్వేచ్ఛ పోయిందని గోల. ఎవరి స్వేచ్ఛండీ? దీవికి తోసేసిన పిల్లలదా?

ఆ బహిష్కరణలో భాగంగానే 1986లో ఇంగ్లండులోని సౌతాంప్టన్ పురావస్తు మహాసభకు దక్షిణాఫ్రికా వాళ్లను రావద్దన్నారు. వర్ణవివక్షను ఎదిరించినవాళ్లకూ అదే మాట. అది అన్యాయమే, కాదనను. దాంతో పురావస్తువాళ్ల అంతర్జాతీయ సంఘం ఆ సభకు గుర్తింపు తీసేసింది. అయినా సభ నిర్వాహకుడు పీటర్ ఉకో వెనక్కి తగ్గలేదు. సభ జరిగింది, దాంట్లోంచే ప్రపంచ పురావస్తు కాంగ్రెస్ పుట్టింది.

నా కడుపుమంట ఇక్కడుంది. అదే కాంగ్రెస్ 1994 డిసెంబరులో ఢిల్లీలో కూర్చుంది. బాబ్రీ మసీదు కూల్చి సరిగ్గా రెండేళ్లు. అయోధ్య ఊసెత్తకూడదన్నారు నిర్వాహకులు! పురావస్తువాళ్ల సభలో, తవ్వకాల గురించి తగువులాడుకోవాల్సిన చోట! మీరే చెప్పండి, ఇంకెక్కడ మాట్లాడాలి? ఏ పక్షం వాళ్లయినా సరే, ఎక్కడ మాట్లాడాలి?

రెండూ ఒకటే కదా అని మొన్న ఒక మిత్రుడు నన్ను నిలదీశాడు. కాదు. దక్షిణాఫ్రికాను వెలివేయమని అడిగింది అక్కడ దెబ్బలు తిన్నవాళ్లే, ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్. సంతకాలతో, బాహాటంగా జరిగింది. దాన్ని తప్పుపట్టనూ వచ్చు, ఉకోతో వాదించనూ వచ్చు. ఢిల్లీలో వాదించడమే నిషేధం.

చీటీ వచ్చింది, రెండు నిమిషాలట. సరే, కుర్రాళ్లకు ఒక్క పని చెప్పి దిగిపోతాను. వచ్చే నెల మీ సెమినార్ ఉందిగా. పిలిచిన వక్త పేరు చివర్లో ఎగిరిపోతే, ఎవరు తీయించారో, ఎందుకు తీయించారో రాతపూర్వకంగా అడగండి. దీపం వెలిగించకముందే అడగండి.