పాములే లేని దేశంలో పాములను తరిమిన సెయింట్ | మా డబ్లిన్ వ్లాగ్

హాయ్ అండి, అందరూ బాగున్నారా? ఈ వీడియో మా అమ్మ కోసం. "పిల్లాణ్ని అలా గడ్డిలో వదిలేస్తావేంటే, పురుగూ పుట్రా ఉండవూ?" అని మొన్న ఫోన్‌లో ఒకటే కంగారు. అమ్మా, ఐర్లండ్‌లో పాముల్లేవు. జూలోనో, పెంచుకునేవాళ్ల ఇళ్లలోనో తప్ప బయట ఎక్కడా కనిపించవు.

ఈ రోజు మార్చి 17, సెయింట్ ప్యాట్రిక్స్ డే, అంటే ప్యాట్రిక్ అనే క్రైస్తవ సాధువు పేరు మీద చేసే పండుగ. 1903 నుంచి ఇక్కడ ప్రభుత్వ సెలవు. పరేడ్ కోసం ఓకానెల్ స్ట్రీట్‌కి వచ్చాం, ఎటు చూసినా పచ్చ రంగే. మా బాబు బుగ్గ మీద మూడాకుల బొమ్మ వేయించాను. 5 యూరోలు, అంటే మన 500 రూపాయలు! రెండో బుగ్గకి కూడా కావాలని ఏడ్చాడు, నేను ఒప్పుకోలేదు.

పాముల్ని సముద్రంలోకి తరిమేసింది ప్యాట్రిక్కే అంటారు. మేయో కౌంటీలో క్రో ప్యాట్రిక్ అని 764 మీటర్ల కొండ ఉంది, దాని మీద ఆయన 40 రోజులు ఉపవాసం చేశాడట. జూలై ఆఖరి ఆదివారం వేలమంది ఎక్కుతారు, కొందరు ఆ రాళ్ల మీద చెప్పుల్లేకుండా. మనవాళ్లు తిరుమల మెట్లెక్కినట్టే! నిజానికి ప్యాట్రిక్ పుట్టకముందే, 3వ శతాబ్దంలో, సోలినస్ అనే రోమన్ రచయిత ఈ దీవిలో పాముల్లేవని రాసేశాడు. మంచుయుగంలో ఇదంతా గడ్డకట్టుకుపోయి ఉండేది. మంచు కరిగాక పాములు ఇటు వచ్చేలోపే చుట్టూ సముద్రం వచ్చేసింది.

పాములు లేకపోతే హాయే కదా అనుకుంటాం. నాగుల చవితి రోజు తెలుస్తుంది దాని బాధ. పుట్ట ఎక్కడుంది పాలు పోయడానికి? చిమ్మిలి, చలిమిడి చేసి, అత్తయ్య ఇచ్చిన వెండి నాగపడిగకే సింక్ పక్కన ప్లేటులో పెట్టి పాలు పోశాను. పుట్టమన్ను చెవులకి పెట్టేవాళ్లు లేరు. ఆ రోజు మాత్రం ఇల్లు చాలా గుర్తొచ్చింది.

అందుకేనేమో పాముల కథ కన్నా ప్యాట్రిక్ సొంత కథే నన్ను పట్టుకుంది. ఆయన ఐరిష్ కాదండి! 5వ శతాబ్దం మనిషి, పుట్టింది బ్రిటన్‌లో. దాదాపు 16 ఏళ్లప్పుడు దొంగలు ఎత్తుకొచ్చి ఇక్కడ బానిసగా అమ్మేశారు. ఆరేళ్లు మందలు కాశాడు. తెల్లారకముందే లేచి, మంచులో, వానలో రోజుకి వంద ప్రార్థనల దాకా చేసేవాణ్నని లాటిన్‌లో తనే రాసుకున్నాడు. చివరికి రెండొందల మైళ్లు నడిచి ఓడ ఎక్కి ఇల్లు చేరాడు. అంత కష్టపడి ఇల్లు చేరినవాడు మళ్లీ ఈ దేశానికే ఎందుకు వచ్చాడు? కలలో ఇక్కడి జనం "వచ్చి మళ్లీ మా మధ్య తిరుగు" అని పిలిచారట. బిషప్ అయి తిరిగొచ్చాడు. బయటి నుంచి వచ్చిన మనిషిని ఇంతగా సొంతం చేసుకున్నారంటే, ఈ ఊళ్లో ఉంటున్న నాకు ఎంతో ధైర్యంగా అనిపిస్తుంది.

అన్నట్టు, ఈ మూడాకుల మొక్క పేరు షామ్‌రాక్. ఒకే కాడకి మూడు ఆకులు, మన మారేడు దళంలా. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒక్కరేనని ప్యాట్రిక్ దీన్ని చూపించి చెప్పాడంటారు. ఆయన రాతల్లో మాత్రం ఆ ముచ్చట లేదు, చాలా తర్వాత పుట్టిన కథ. చిన్న కుండీ 4 యూరోలు పెట్టి కొన్నాను. దగ్గరగా చూడండి, అచ్చం మన పెరట్లో పులిచింతాకే! ఒక ఆకు కొరికి చూశాను, పులుపు లేదు. అమ్మా, దీన్ని వంటింటి కిటికీలో పెడతాను, రేపు వీడియో కాల్‌లో చూద్దువుగాని.