ఆకురాయి పట్టిన పంతుళ్లు

(అంబత్తూరులో తెలుగువాళ్లు ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్లకు చేసిన సన్మాన సభలో ఒక టూల్‌రూమ్ యజమాని ప్రసంగం)

అందరికీ నమస్కారం. మైకు కాస్త కిందికి దించు బాబూ... ఆ, చాలు.

ఈ సభకి రమ్మని ఫోన్ చేసినప్పుడు నేను ముందడిగింది శాలువాలు ఎవరికని. చెన్నపట్నంలో మన తెలుగువాళ్ల సభలు 30 ఏళ్లకు పైగా చూస్తున్నాను. కవిగారికి కప్పుతాం, అవధానిగారికి కప్పుతాం, సినిమావాళ్లు వస్తే తోసుకుంటూ పోయి మరీ కప్పుతాం. ఈసారి ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు చెప్పే సారుకీ, ఎలక్ట్రీషియన్ ట్రేడు చెప్పే మేడంకీ అన్నారు. ఇంకేమీ అడక్కుండా సరే అనేశాను. అన్నాక భయమేసింది. నాకిక్కడ ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో చిన్న టూల్‌రూమ్ ఉంది, డైలు, ఫిక్చర్లు చేస్తాం, అంటే వస్తువులు తయారుచేసే అచ్చులు, ముక్కని కదలకుండా పట్టే చట్రాలు. మిషన్ల మోతలో అరిచి మాట్లాడటం అలవాటు. మైకులో కూడా అరిస్తే ఏమీ అనుకోకండి.

ఫైలు అనే మాటకి మా వీధిలో ఒక అర్థం, ఆఫీసుల్లో ఇంకో అర్థం. మా ఫైలంటే ఆకురాయి. ఆఫీసు ఫైలంటే మీకు తెలిసిందే. ఇవాళ నేను చెప్పబోయే గొడవంతా ఈ రెండు ఫైళ్ల మధ్యది.

1988లో మా జిల్లాలో ఒక ప్రభుత్వ ఐటీఐలో ఫిట్టర్‌గా చేరాను. పదో తరగతి అత్తెసరు మార్కులతో గట్టెక్కినవాణ్ణి. మొదటిరోజు సారు అరచేతిలో పట్టేంత ఇనప ముక్క ఒకటి ఇచ్చి, ఒక పక్క చదునుగా రుద్దమన్నారు. అంతే పని. గంటలో అయిపోతుందనుకున్నా. మూడు వారాలు పట్టింది.

ఫిట్టర్లు కానివాళ్లు కూడా ఉన్నారు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. ఆకురాయి ముందుకు తోసినప్పుడే కోస్తుంది. వెనక్కి తెచ్చేటప్పుడు బరువు తీసెయ్యాలి, లేకపోతే దాని పళ్లు అరిగిపోతాయి. తోయడం మొదలుపెట్టినప్పుడు బరువు ఎడమచేతి మీద ఎక్కువ, మధ్యకొచ్చేసరికి రెండు చేతుల మీదా సమానం, చివరికి కుడిచేతి మీద. ఈ మార్పు మనకి తెలియకుండానే జరిగిపోవాలి. జరగలేదనుకోండి, ఆకురాయి ఉయ్యాల ఊగుతుంది. అంచులు అరిగిపోయి ముక్క మధ్యలో బొజ్జ మిగులుతుంది. చూడటానికి చదునుగానే ఉంటుంది. ట్రై స్క్వేరు, అంటే మూలమట్టం, దాని మీద ఆనించి కిటికీకేసి ఎత్తితే బయటపడుతుంది, బొజ్జకి అటూ ఇటూ సన్నటి వెలుతురు గీత.

మా సారు తప్పు అనేవారు కాదు. ముక్క ఎత్తి చూసి, "వెలుతురొస్తోంది నాయనా" అని మళ్లీ చేతిలో పెట్టేవారు. రోజుకి పదిసార్లు అదే మాట. రెండోవారంలో ఒకరోజు నా వెనక నిలబడి, నా రెండు చేతుల మీదా తన చేతులు వేసి ఒక పది పదిహేనుసార్లు తోయించారు. బరువు ఒక చేతి నుంచి ఇంకో చేతికి ఎలా పోతుందో అప్పుడు తెలిసింది. నోటితో చెప్పమంటే నాకు ఇప్పటికీ సరిగ్గా రాదు, ఇందాక చెప్పినదాంట్లో సగమే ఉంది.

ఇంకో విద్య ఉండేది ఆయన దగ్గర. 20 మంది కుర్రాళ్లం, ముక్కని బిగించి పట్టే వైసుల దగ్గర నిలబడి ఒకేసారి రుద్దుతుంటే, ఆయన బోర్డు మీద ఏదో గీసుకుంటూ వెనక్కి తిరక్కుండానే "మూడో వైసు, సుద్ద పూయి" అనేవారు. ఆకురాయి పళ్లలో ఇనప రజను ఇరుక్కుంటే ముక్క మీద గీతలు పడతాయి. సుద్దముక్క పూస్తే అంత తొందరగా ఇరుక్కోదు. ఇరుక్కున్నప్పుడు చప్పుడు మారుతుందని నాకూ తర్వాత తెలిసింది. కానీ ఆ గోలలో అది మూడో వైసని ఎలా తెలిసేదో ఇప్పటికీ అర్థం కాదు.

ఆయన రిటైరవడానికి రెండేళ్ల ముందు ఎవరో బలవంతపెడితే ఒక అవార్డుకి దరఖాస్తు పెట్టారు. ఎవరిచ్చే అవార్డో చెప్పను. అందులో 'మీరు ప్రవేశపెట్టిన వినూత్న బోధనా పద్ధతులు' అని ఒక గడి, దానికి పేజీ నిండా రాయాలి. ఫోటోలు జతచెయ్యాలి, వీడియో ఉంటే ఇంకా మంచిదన్నారు. సారు ఆ గడిలో ఒకటే వాక్యం రాశారు: "పిల్లవాడి చేతి మీద చెయ్యి వేసి నేర్పుతాను." అవార్డు రాలేదు. వచ్చినాయన నాకు తెలుసు. మంచివాడే, పవర్‌పాయింట్ బాగా చేస్తాడు.

దేశం సంగతి తీసుకుంటే, టీచర్లకి జాతీయ అవార్డులు 1958లో మొదలయ్యాయి. ఐటీఐల చదువుకి మూలమైన క్రాఫ్ట్స్‌మెన్ ట్రెయినింగ్ స్కీమ్ అంతకన్నా ముందుది, 1950లో పెట్టారు. మరి ఐటీఐ సార్లు ఆ అవార్డుల్లోకి వచ్చింది ఎప్పుడయ్యా అంటే 2023లో. 65 ఏళ్లు! ఇందులో ఎవరి కుట్రా లేదు, ఆఫీసు ఫైలు మహిమ. అప్పట్లో బడి విద్యాశాఖది, ఐటీఐ కార్మికశాఖది. కార్మికశాఖకి వీళ్లు సిబ్బంది, విద్యాశాఖకి అసలు లెక్కలోనే లేరు. 2014లో నైపుణ్యాభివృద్ధికని కేంద్రంలో వేరే మంత్రిత్వ శాఖ పెట్టి, మరుసటేడు ఐటీఐల వ్యవహారం దాని కిందికి మార్చాక కదలిక వచ్చింది. 2019లో ఆ శాఖ కౌశలాచార్య అని సొంతంగా అవార్డులు మొదలుపెట్టింది. 2023 సెప్టెంబరు 5న రాష్ట్రపతి దగ్గర అవార్డు తీసుకున్న 75 మందిలో 12 మంది నైపుణ్య శిక్షణవాళ్లు. 2024లో 82 మందిలో 16 మంది. ప్రశంసాపత్రం, 50,000 రూపాయలు, వెండి పతకం. బళ్లో పంతులుగారికి ఏది ఇస్తారో ఐటీఐ సారుకీ అదే. ఆ 'అదే' అన్నది నాకు 50,000 కన్నా పెద్దది.

టీచర్స్ డే అనగానే రాధాకృష్ణన్‌గారు. మన తెలుగువారు, ఊరు తిరుత్తణి. మా అంబత్తూరు స్టేషన్ మీదుగానే తిరుత్తణి లోకల్ పోతుంది. 1909లో ఈ మెడ్రాసులోనే ప్రెసిడెన్సీ కాలేజీలో ఉద్యోగంలో చేరారు. 1921లో మైసూరు నుంచి కలకత్తా వెళ్లేటప్పుడు శిష్యులు బండికి పూలు కట్టి, గుర్రాలు విప్పేసి తామే లాగి స్టేషనుకి చేర్చారని చిన్నప్పుడే చదువుకున్నాం. మా సారు రిటైరైన రోజున మేమూ వెళ్లాం. సాయంత్రం దండ వేసుకుని బయటికొచ్చారు, ఆయన పాత స్కూటరు స్టార్టవలేదు. నలుగురు ఫిట్టర్లం, డీజిల్ మెకానిక్ ట్రేడు కుర్రాడొకడు, కార్బొరేటర్ విప్పి కూర్చున్నాం. ఆయన దండతోనే పక్కన నిలబడి, "ఆ స్క్రూ ముందు తియ్యకూడదురా" అంటూనే ఉన్నారు. అరగంటకి స్టార్టయింది. బండి లాగలేదు కానీ, మా గురుపూజ అది.

మెడ్రాసుకి పని నేర్పే బళ్లు కొత్త కాదు. గిండీ ఇంజనీరింగ్ కాలేజీ 1794లో సర్వే బడిగా మొదలైందే. 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే డాక్టరు ఇక్కడ కళల బడి పెట్టాడు. ఇప్పుడు పూందమల్లి హైరోడ్డు మీదున్న ఫైన్ ఆర్ట్స్ కాలేజీ అదే. 1890ల చివర్లో చాటర్టన్ అనే ఇంజనీరింగ్ ప్రొఫెసరు ఆ బడి వర్క్‌షాపులో అల్యూమినియం గిన్నెలు చేయించడం మొదలుపెట్టాడు. మా అమ్మ సత్తు గిన్నె అనేది, మా ఆవిడ సిల్వర్ గిన్నె అంటుంది. మనిళ్లల్లో పాలు కాచుకున్న గిన్నెకి పుట్టిల్లు ఒక బడి అన్నమాట. హంటర్ పేరు, చాటర్టన్ పేరు పుస్తకాల్లో ఉన్నాయి. ఆ రేకు మీద దెబ్బ ఎలా వెయ్యాలో కుర్రాళ్లకి చూపించిన మేస్త్రీల పేర్లు మాత్రం నాకెక్కడా కనబడలేదు.

పాతకాలం సంగతి వదిలెయ్యండి. 2019లో రష్యాలో, కజాన్‌లో వరల్డ్ స్కిల్స్ పోటీలు జరిగాయి. మన దేశానికి మొట్టమొదటి బంగారు పతకం వచ్చింది, వాటర్ టెక్నాలజీలో. తెచ్చింది అశ్వథ నారాయణ సనముడి, ఒడిశా కుర్రాడు. ఈ పేరు ముందే తెలిసినవాళ్లు చేతులెత్తండి. ముగ్గురు. అందులో ఇద్దరు సార్లే! క్రికెట్లో పన్నెండో ఆటగాడి పేరు అడిగితే హాలంతా లేచేది.

ఇప్పుడు ఈ వేదిక మీదివాళ్లని ఎలా ఎంచారో చెప్తాను. ఇందులో నా చెయ్యి కూడా కొంత ఉంది. 2009 నుంచి నా దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. పనికొచ్చిన కుర్రాడి సర్టిఫికెట్లు నేను ముందు చూడను. వైసులో ముక్క బిగించి ఆకురాయి చేతికిస్తాను. కాళ్లు ఎలా పెట్టి నిలబడ్డాడు, మోచెయ్యి ఎటుపోతోంది, అది చూస్తాను. బాగుంటే "ఎవర్రా నీకు నేర్పింది?" అంటాను. చెప్పిన పేరు బుక్కులో రాసుకుంటాను. బాగాలేకపోతే ఏమీ రాయను, ఎందుకంటే అది సారు లోపమో, ఆ వర్క్‌షాపులో నలుగురికి ఒకటే వైసు ఉందో మనకి తెలీదు.

ఆ బుక్కులో ఒక పేరు ఏడుసార్లు వచ్చింది. ఏడుగురూ వేరే వేరే బ్యాచులవాళ్లు, ఒకరికొకరు తెలీదు. కానీ ఏడుగురూ ఆకురాయి అందుకోగానే ముందు చేసింది ఒకటే పని, పిడి పట్టుకుని గట్టిగా లాగి చూశారు. పిడి వదులుగా ఉంటే పని మధ్యలో ఊడి, వెనకాల మొన అరచేతిలో దిగుతుంది. నా అరచేతిలో ఆ మచ్చ ఉంది. ఆ ఏడుగురి చేతుల్లో లేదు. ఆ సారే ఈ కుడిపక్క కూర్చున్నారు. పేరు నేను చెప్పను, నిర్వాహకులు చదువుతారు, వాళ్ల ముచ్చట నేనెందుకు చెడగొట్టాలి.

మేడం సంగతి. మా షాపులో ఒకరోజు ప్యానెల్ బోర్డు కొట్టేసింది. మెయిన్ ఆపాం. అప్రెంటిస్‌గా కొత్తగా చేరిన అమ్మాయి ముందుకొచ్చింది. టెస్టరు పట్టుకుని పక్కగదిలోకి పోయింది. అక్కడిది వేరే లైను, కరెంటుంది. ప్లగ్గులో పెట్టింది, వెలిగింది. వచ్చి ప్యానెల్లో పెట్టింది, వెలగలేదు. హమ్మయ్య అనుకుంటే, మళ్లీ పక్కగదికి పోయి ప్లగ్గులో పెట్టింది, వెలిగింది. అప్పుడు గానీ వైరు మీద చెయ్యి వెయ్యలేదు. అవతల ప్రొడక్షన్ ఆగిపోయింది, నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఏంటమ్మా ఈ ప్రదక్షిణలు?" అన్నాను. "టెస్టరు పాడైపోయినా వెలగదు కదా సార్. ముందూ వెనకా చూసుకోమన్నారు మా మేడం," అంది. ఇన్నేళ్లుగా నేను ఒక్కసారే పెట్టి, వెలగలేదని చెయ్యి పెట్టేస్తున్నాను. ఇవాళ మీ ముందు నిలబడి మాట్లాడుతున్నానంటే అది నా తెలివి కాదు. ఆ పిల్ల చేతే ఆ సాయంత్రం మా వాళ్లందరికీ పాఠం చెప్పించాను. మేడం పేరు బుక్కులోకి ఎక్కింది.

పని వచ్చినంత మాత్రాన నేర్పడం రాదు. నాకు పని వచ్చు, నేర్పబోతే తిట్లు మాత్రమే వస్తాయి. నేర్పడానికి వేరే చదువుంది. గిండీలో నేషనల్ స్కిల్ ట్రెయినింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇన్‌స్ట్రక్టర్లకి ఏడాది కోర్సు పెట్టింది అందుకే. ఓనర్లలో కొందరు "మా సార్లకి సీఎన్‌సీ తెలీదు" అని, అంటే కంప్యూటరుతో నడిచే మిషన్లు తెలీవని, వెక్కిరిస్తుంటారు. తెలీకపోతే ఎండాకాలం సెలవుల్లో రెండు వారాలు మన షాపులకి పిలుద్దాం. నా గేటు తీసే ఉంటుంది. భోజనం కూడా పెడతాను, మా క్యాంటీను సాంబారు భరించగలిగితే.

ఓనర్లకే ఇంకొక్క మాట. అవార్డు దరఖాస్తు సారు చేత రాయించకండి. తన గొప్ప తాను రాసుకోమంటే మా సారులాంటివాళ్లు ఒక్క వాక్యం రాసి ఊరుకుంటారు. పని మన షాపులో కనబడుతోంది కాబట్టి ఆ గడి మనమే నింపాలి. మంచి కుర్రాడు దొరికినరోజున వాళ్ల ఐటీఐ ప్రిన్సిపాల్‌కి ఒక కాగితం రాయండి. ఫలానా కుర్రాడు ఫలానా పని ఇలా చేశాడు, నేర్పిన సారు పేరు ఇది అని. పిడి లాగి చూశాడని రాయండి, టెస్టరు మూడుసార్లు పెట్టిందని రాయండి. నాలుగు లైన్లు చాలు. వచ్చే నెల ఆయుధపూజకి మిషన్లకి బొట్టు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, మరమరాలు పంచుతాం కదా, ఆ రోజు షాపులు ఎలాగూ ఆగే ఉంటాయి, రాయడానికి తీరిక దొరుకుతుంది. నేను నా బుక్కులో ఉన్నవాటిల్లో 11 ఉత్తరాలు పంపాను. మూడింటికి జవాబొచ్చింది. ఒకదాంట్లో ప్రిన్సిపాల్‌గారు, ఆ సారు కాంట్రాక్టు అయిపోయి వెళ్లిపోయారని రాశారు. ఎక్కడికి వెళ్లారో వాళ్లకీ తెలీదట.

ఈ సంచి ఏంటా అని ఇందాకటి నుంచి చూస్తున్నారు. ఇది నేను రుద్దిన మొదటి ముక్క. మూడు వారాలయ్యాక సారు దీన్ని కిటికీకేసి ఎత్తి చూసి, ఏమీ అనకుండా నా జేబులో వేశారు. బాగుందో, ఇంక చాల్లే అనుకున్నారో ఇప్పటికీ తెలీదు. అడిగే ధైర్యం లేకపోయింది, ఇప్పుడు ఆయనా లేరు. నూనెగుడ్డలో చుట్టి దాచాను, తుప్పు పట్టలేదు.

సార్, మిమ్మల్నే. ట్రై స్క్వేరు కూడా తెచ్చాను. ఆ ట్యూబులైటు కేసి పెట్టి ఒకసారి చూడండి. సన్మానం రోజు కదా అని మొహమాటపడకండి. వెలుతురొస్తోందంటే వస్తోందనే చెప్పండి.