భయపడ్డ కుక్కకి మత్తు ఎందుకు ఎక్కదు

అందరికీ నమస్తే. ఆదివారం పొద్దున్నే నిద్ర మానుకుని వచ్చారు, సోది లేకుండా చెప్పేస్తా. క్లినిక్‌లో నేను ఎక్కువగా వినే మాట ఏంటంటే "డాక్టర్ గారూ, ఇంజెక్షన్ ఇచ్చారు కదా, ఇంకా పడుకోదేంటి, డోస్ తక్కువైందా?" అని. చాలాసార్లు డోస్ సరిగ్గానే ఉంటుంది. పాపం ఆ కుక్క అమీర్‌పేట్ ట్రాఫిక్‌లో హారన్లు విని విని వచ్చి, ఇక్కడ పక్కనే ఇంకో లాబ్రడార్ మొరుగుతుంటే వణుకుతూ కూర్చుని ఉంటుంది, అప్పటికే ఒంట్లో అడ్రినలిన్, నార్‌అడ్రినలిన్ అనే కంగారు హార్మోన్లు బాగా పెరిగిపోయి ఉంటాయి. మేం ఇచ్చే మత్తుమందులు జైలజిన్, డెక్స్‌మెడిటొమిడిన్ పని చేసేదే మెదడులో ఆ నార్‌అడ్రినలిన్ విడుదలని తగ్గించి. పాలు పొంగిపోయాక మంట తగ్గిస్తే ఏం లాభం చెప్పండి. పోనీ ఇంకో డోస్ పొడిచేద్దామా అంటే ఈ మందులకి గుండె వేగం బాగా పడిపోతుంది, అది ఆటలు కాదు. అందుకే ఇంజెక్షన్ అయ్యాక ఓ పదిహేను నిమిషాలు లైట్ తగ్గించి వదిలేయండి అంటాం, మీరేమో "పడుకో నాన్నా, పడుకో బంగారం" అని తట్టి తట్టి లేపుతారు! పడుకున్నట్టే ఉన్నా చటుక్కున లేచి కరుస్తుంది కూడా, జాగ్రత్త.

భయం ఎక్కువున్న కుక్కలకి ఇంటి దగ్గరే, బయల్దేరే ముందు, భయం తగ్గించే ట్రాజోడోన్ గానీ గాబాపెంటిన్ గానీ ఇమ్మంటాం, డోస్ మీ డాక్టర్‌నే అడగండి. మనుషుల సిరప్ మాత్రం పొయ్యొద్దు, కొన్నింట్లో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది, దాంతో కుక్కలో ఇన్సులిన్ ఒక్కసారిగా పెరిగి షుగర్ పడిపోతుంది. దీపావళికి మత్తిచ్చే ఏస్‌ప్రొమజిన్ ఒక్కటే ఇచ్చి ఊరుకోవడం కూడా నాకు నచ్చదు. కుక్క కదలదు అంతే, లోపల భయం అలాగే ఉంటుంది.

ఇంక హార్మోన్ల సంగతి. భయంలో అడ్రినల్ గ్రంథి కార్టిసాల్ అనే హార్మోన్ కూడా వదులుతుంది, అలాంటి రోజు కుషింగ్స్ టెస్ట్, అంటే కార్టిసాల్ ఎక్కువయ్యే జబ్బుకి చేసే టెస్ట్, చేస్తే జబ్బు లేకపోయినా ఉన్నట్టు రావచ్చు. జైలజిన్ ఇన్సులిన్‌ని అణుస్తుంది కాబట్టి మత్తులో తీసిన రక్తంలో షుగర్ ఎక్కువ చూపిస్తుంది, డయాబెటిస్ అని పరేషాన్ అవ్వొద్దు. ఫిట్స్‌కి వాడే ఫీనోబార్బిటాల్, దురదకి వాడే స్టెరాయిడ్ ప్రెడ్నిసొలోన్, కొన్ని సల్ఫా మందులు థైరాయిడ్ హార్మోన్ టీ4ని తగ్గించేస్తాయి. రిపోర్ట్ చూసి థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టేస్తే ఆ కుక్కకి అనవసరంగా ఇంకో మందు.

ప్రెడ్నిసొలోన్ గురించి ఇంకొక్క మాట. వారాల తరబడి వాడితే అడ్రినల్ గ్రంథి సొంతంగా కార్టిసాల్ చేయడం మానేస్తుంది, దురద తగ్గింది కదా అని టక్కున ఆపితే వాంతులు, నీరసం, కొన్నిసార్లు ప్రాణం మీదకే వస్తుంది. మెల్లగా తగ్గించాలి. స్టెరాయిడ్ ఉన్న చెవి డ్రాప్స్ కూడా ఒంట్లోకి ఇంకుతాయి, "ఏం మందులు వాడట్లేదు సార్" అన్నవాళ్ల బ్యాగ్‌లో అవే ఉంటాయి, నేను ఎన్నోసార్లు చూశా. వచ్చేటప్పుడు స్ట్రిప్పులు, డ్రాప్స్ అన్నీ ఒక కవర్లో వేసి పట్టుకురండి.

వెనక చెయ్యెత్తిన మేడం గారూ, మీరు అడగండి.