దవడ తీసేసి ఊరుకుంటే ఎలా?

సభకు నమస్కారం. సెక్రటరీ గారు నా గురించి చెప్పినదాంట్లో సగం తీసేయండి. నాకిచ్చిన అంశం ‘పొగాకు మానండి’. ఆ మాట గుట్కా ప్యాకెట్టు మీదే పుండు బొమ్మతో సహా ఉంది, నేను కొత్తగా చెప్పేదేముంది? మానేలోపే నోట్లో క్యాన్సర్ గడ్డ వచ్చినవాళ్ళ సంగతి మాట్లాడతాను.

గడ్డతో పాటు కింది దవడ ముందు భాగం తీసేస్తే నాలుకకి ఆసరా పోయి వెనక్కి జారుతుంది. పెదవులు కలవవు, చొంగ ఆగదు. అందుకని కాల్లోని సన్న ఎముక, ఫిబ్యులా, తెచ్చి దవడ కడతాం. ఒంటి బరువు దాదాపు అంతా పక్కనున్న పెద్ద ఎముకే మోస్తుంది. మోకాలి దగ్గర, చీలమండ దగ్గర కొంత వదిలి మధ్యది తీస్తే మనిషి మళ్ళీ నడుస్తాడు. 1989లో న్యూయార్క్ సర్జన్ హిడాల్గో దీన్ని దవడకి వాడి చూపించాడు.

ఎముకని వంపుకి తగ్గట్టు కోసి ప్లేటుకి బిగించడం ఒక ఎత్తు. దాని రక్తనాళాల్ని మెడలోని నాళాలకి మైక్రోస్కోప్ కింద, వెంట్రుక కన్నా సన్నని దారంతో కుట్టడం ఇంకో ఎత్తు. ఎముకతో పాటు తెచ్చి నోట్లో కుట్టిన కండనీ చర్మాన్నీ ఫ్లాప్ అంటాం. దాని రంగు మారిందేమోనని ఆ రాత్రి నర్సు గంటగంటకీ నోట్లో టార్చి వేసి చూడాలి. ఒకసారి అర్ధరాత్రి దాటాక ఫోను: “సార్, ఫ్లాప్ నల్లబడుతోంది. సూదితో గుచ్చితే నెత్తురు ముదురుగా వస్తోంది.” పరుగెత్తాం. సిరలో గడ్డకట్టిన నెత్తురు తీసి మళ్ళీ కుట్టాం. దవడ నిలిచింది. ఇవాళ శాలువా నాకు కప్పారు, ఆ అమ్మాయికి నైట్ డ్యూటీ!

సరే, అసలు నా కడుపుమంట ఇది. ఆ పేషెంటు లారీ డ్రైవరు. ఇన్సూరెన్స్ వాళ్ళు గడ్డ తీయడానికి డబ్బిచ్చారు. దవడ కట్టడం మాత్రం ‘అందం కోసం’ అని ఫైలు తిప్పి పంపారు. అయ్యా, ఆయన అందం అడగలేదు. పప్పన్నం కారిపోకుండా తినాలన్నాడు. వెనకున్నవాళ్ళకి వినపడుతోందా? పప్పన్నం!

ఇంకా చెప్పాలని రాసుకొచ్చాను గానీ టైమ్ అయిపోయిందంటున్నారు. ఒక్క మాట. ఎముక అతుక్కున్నాక అందులో ఇంప్లాంట్లు, అంటే మరల్లాంటివి, బిగించి వాటి మీద పళ్ళు కట్టొచ్చు. చాలామంది డబ్బుల్లేక అక్కడే ఆగిపోతున్నారు. ఈ ఏడు మీ క్లబ్బు తరఫున మా వార్డుకి టీవీ ఇస్తామన్నారు. టీవీ వద్దండీ. ఆ డబ్బుతో ఒకరికి పళ్ళు కట్టించండి.